80 రూపాయల లెక్క: కరోనా, గుజరాత్ శాసనసభ, సూరత్ పన్నెండు గంటలు

(సూరత్‌లో తెలుగు విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. 2020 ఏప్రిల్ 17న గుజరాత్ కార్మిక, ఉపాధి శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజులవి. రాష్ట్రంలోని ఫ్యాక్టరీలకు పని గంటల నిబంధనల నుంచి ఏప్రిల్ 20 మొదలు జూలై 19 వరకు మినహాయింపు ఇస్తున్నామని అందులో ఉంది. రోజుకు పన్నెండు గంటలు, వారానికి 72 గంటలు పని చేయించుకోవచ్చు. మరి కూలీ ఎంత? ఎవరికీ అనుమానం రాకుండా ఒక ఉదాహరణ కూడా రాశారు: ఎనిమిది గంటలకు 80 రూపాయలైతే పన్నెండు గంటలకు 120 రూపాయలు.

చూడటానికి సబబుగానే ఉంది కదా? బడిలో నేర్పే త్రైరాశికం. కానీ అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ఈ లెక్క ఒప్పుకునేది కాదు. రోజుకు తొమ్మిది గంటలు గాని వారానికి 48 గంటలు గాని దాటితే ఆ పైన ప్రతి గంటకూ రెట్టింపు కూలీ ఇవ్వాలని 59వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడు మళ్లీ లెక్క వేయండి. వారానికి 72 గంటలకు నోటిఫికేషన్ ప్రకారం 720 రూపాయలు. చట్టం ప్రకారమైతే మొదటి 48 గంటలకు 480, మిగతా 24 గంటలకు రెట్టింపు చొప్పున ఇంకో 480, మొత్తం 960. కార్మికుడికి రావలసిన దానిలో నాలుగో వంతు ఒక్క కాగితంతో మాయమైంది. రోజుకు 80 రూపాయలన్నది ఉదాహరణ మాత్రమే. కూలీ ఎంత పెరిగితే మాయమయ్యేది అంత పెరుగుతుంది.

కరోనా కాలంలో ఫలానా రాష్ట్రం ఎలా స్పందించింది అని ఎవరైనా అడిగితే మనం ప్యాకేజీల జాబితా చదువుతాం. గుజరాత్‌కూ ఆ జాబితా ఉంది. రేషన్ కార్డు లేని పేదలకు ఉచితంగా తిండిగింజలు ఇచ్చే పథకం పెట్టారు. చిన్న వ్యాపారులకు రెండు శాతం వడ్డీకి లక్ష రూపాయల దాకా అప్పు అన్నారు. 2020 జూన్‌లో సుమారు 14,000 కోట్ల ఆత్మనిర్భర్ ప్యాకేజీ ప్రకటించారు. వీటిని నేను కొట్టిపారేయడం లేదు. ఆ గింజలతో పొయ్యి వెలిగిన ఇళ్లు ఉన్నాయి. కానీ పథకాలకు గడువు ఉంటుంది, అవి ముగిసిపోతాయి. చట్టం మిగిలిపోతుంది. అందుకే ఈరోజు చట్టం గురించే మాట్లాడతాను. కార్మికుడి రోజు ఎంత పొడుగుండాలి అని 2020లో ఎవరు నిర్ణయించారు, 2025లో ఎవరు నిర్ణయించారు, రెంటి మధ్య ఏం జరిగింది అన్నది నా విషయం.

సూరత్‌లో కూర్చుని పన్నెండు గంటల గురించి మాట్లాడటంలో ఒక ఎకసెక్కం ఉంది. ఇక్కడి సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్ట్ కరోనా తెచ్చింది కాదు. లింబాయత్‌లో, ఉధ్నాలో సాంచాలు నడిపే మన తెలుగువాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు: పొద్దున ఏడింటికి ఎక్కితే రాత్రి ఏడింటికి దిగడం, రాత్రి ఏడింటికి ఎక్కితే పొద్దున ఏడింటికి దిగడం. పగార్ గంటల లెక్కన రాదు, మీటర్ల లెక్కన వస్తుంది. నేసిన మీటరుకు ఇన్ని పైసలు. కరెంటు పోతే, పోగు తెగితే, బీము అయిపోతే ఆ గంటలు కార్మికుడి ఖాతాలోకే. చాలా యూనిట్లు ఫ్యాక్టరీల చట్టం కింద ఉండేవి కావు. దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదై ఉంటాయి. ఒకే షెడ్డును నాలుగు పేర్ల మీద నాలుగు ముక్కలు చేసి చూపిస్తే ఏ ముక్కలోనూ చట్టానికి చాలినంత మంది ఉండరు. సిరిసిల్లలో, భివండీలో, షోలాపూర్‌లో బంధువులున్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ పన్నెండు గంటలు సాంచా దగ్గరే ఆగిపోవు, మనిషి పడుకునే చోటును కూడా కొలుస్తాయి. మనవాళ్లు తెలంగాణ జిల్లాల నుంచి ఎక్కువగా కుటుంబాలతో వచ్చి స్థిరపడ్డారు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఒంటరి మగవాళ్లు. వాళ్లు మెస్ రూముల్లో ఉంటారు. ఒక హాలు, నేల మీద చాపలు. పగటి షిఫ్ట్ వాళ్లు లేచి వెళ్తే రాత్రి షిఫ్ట్ వాళ్లు వచ్చి అదే చోట పడుకుంటారు. యాభై మందికి సరిపోని గదిలో వంద మంది బతకడం ఇలాగే సాధ్యమవుతుంది: సగం మంది ఎప్పుడూ సాంచా దగ్గర ఉంటారు కాబట్టి. 2020 మార్చి 24 రాత్రి సాంచాలు ఆగాయి. రెండు షిఫ్టులూ ఒకే గదిలోకి వచ్చి పడ్డాయి. బయట రేడియోలో, టీవీలో, ఫోన్ రింగ్‌టోన్‌లో భౌతిక దూరం పాటించండి అని చెబుతున్నారు. ఏప్రిల్ 10న లస్కాణాలో వందలాది కార్మికులు రోడ్డు మీదికి వచ్చారు. ఏప్రిల్ 14న వరాఛాలో వచ్చారు. మే 4న కడోదరా దగ్గర వరేలీలో పోలీసులకూ కార్మికులకూ మధ్య ఘర్షణ జరిగింది. వాళ్లు అడిగింది రెండే: రావలసిన పగార్ ఇవ్వండి, లేదంటే ఊరికి పంపండి. టీవీల్లో వాళ్లను గుంపు అన్నారు. ఆ గదిని ఒక్కసారి చూసినవాడు ఆ మాట అనడు.

ఏప్రిల్ 10కీ ఏప్రిల్ 17కీ మధ్య దూరం ఒక వారం. మొదటి తేదీన కార్మికులు అడిగారు, రెండో తేదీన ప్రభుత్వం జవాబిచ్చింది. ఆ జవాబు 120 రూపాయలు.

ఇంతకీ శాసనసభ ఎక్కడుంది? మార్చిలో బడ్జెట్ సమావేశాలు ముగిశాక గుజరాత్ శాసనసభ మళ్లీ కూర్చున్నది సెప్టెంబర్ 21న. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం 174వ అధికరణ చెబుతుంది. ఆ గడువు తీరబోతుండగా సభ కూర్చుంది. ఈ మధ్యలో ఏం జరగలేదు? పని గంటల నోటిఫికేషన్ వచ్చింది, జూలై 20న మరో మూడు నెలలు పొడిగించారు. కొత్తగా వచ్చే పరిశ్రమలకు 1,200 రోజుల పాటు కార్మిక చట్టాల నుంచి మినహాయింపు ఇస్తామని మే నెలలో ముఖ్యమంత్రి విజయ్ రూపాణీ ప్రకటించారు. కార్మిక చట్టాల మీద ఆర్డినెన్సులు వచ్చాయి. లక్షల మంది సూరత్ విడిచి వెళ్లారు, మళ్లీ వచ్చారు. ఎమ్మెల్యేలు గాంధీనగర్‌కు అసలు రాలేకపోయారా అంటే, జూన్ 19న రాజ్యసభ ఎన్నికల్లో ఓటు వేయడానికి వచ్చారు. ఆ ఒక్క పనికి మాస్కులు, శానిటైజర్లు, దూరం అన్నీ కుదిరాయి.

సెప్టెంబర్‌లో ఐదు రోజులు సభ నడిచింది. ఎమ్మెల్యేల జీతంలో 30 శాతం ఏడాది పాటు కోత పెట్టుకునే బిల్లు పాస్ చేశారు. దాన్ని వార్తల్లో బాగా చూపించారు. అదే సమావేశాల్లో పారిశ్రామిక వివాదాల చట్టానికి గుజరాత్ సవరణ కూడా పాస్ అయింది. వంద మంది ఉన్న సంస్థలో కార్మికులను తీసేయాలన్నా, మూసేయాలన్నా అంతకుముందు ప్రభుత్వ అనుమతి కావాలి. ఇకపై 300 మంది ఉంటేనే కావాలి. ఎమ్మెల్యే వదులుకున్నది ఏడాది పాటు జీతంలో కొంత. కార్మికుడు వదులుకున్నదానికి గడువు లేదు. పైగా వదులుకుంటావా అని అతన్ని ఎవరూ అడగలేదు.

సరిగ్గా అదే వారంలో ఢిల్లీలో పార్లమెంటు మూడు లేబర్ కోడ్‌లను పాస్ చేసింది. సెప్టెంబర్ 23న రాజ్యసభ వాటిని ఆమోదించినప్పుడు ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉంది. ఈ సంగతి పక్కన పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ వర్సెస్ గుజరాత్ రాష్ట్రం. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఇందు మల్హోత్రా, జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ధర్మాసనం. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పును మొత్తం చదవాలని నా మనవి. ప్రభుత్వం ఆసరా చేసుకున్నది ఫ్యాక్టరీల చట్టంలోని ఐదో సెక్షన్‌ను. ‘పబ్లిక్ ఎమర్జెన్సీ’ వస్తే మూడేసి నెలల పాటు మినహాయింపు ఇవ్వవచ్చని ఆ సెక్షన్ చెప్పేది. ఆ మాటకు అర్థం కూడా అక్కడే ఉండేది: యుద్ధం, బయటి దాడి, అంతర్గత కల్లోలం వల్ల దేశ భద్రతకు ముప్పు వచ్చే స్థితి. కరోనా వల్ల వచ్చిన ఆర్థిక కష్టం ఎంత పెద్దదైనా ఆ నిర్వచనంలోకి రాదని కోర్టు చెప్పింది. ఓవర్‌టైమ్ కూలీ ఎగ్గొట్టడం 21వ అధికరణలోని జీవించే హక్కుకే కాదు, బలవంతపు చాకిరీని నిషేధించే 23వ అధికరణకు కూడా వ్యతిరేకమని చెప్పింది. మినహాయింపు అమల్లో ఉన్న కాలానికి చట్ట ప్రకారం ఓవర్‌టైమ్ చెల్లించాలని ఆదేశించింది.

23వ అధికరణ పేరు వినగానే మనలో చాలామందికి వెట్టి గుర్తొస్తుంది. మన అమ్మమ్మలు, తాతలు చేసిన వెట్టి. వెట్టికీ ఓవర్‌టైమ్‌కీ సంబంధం ఉందని దేశ అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్న సందర్భం ఇది. దాన్ని మనం తగినంతగా వాడుకోలేదన్నది నా అభిప్రాయం. పదోన్నతుల్లో రిజర్వేషన్ తీర్పులు మనకు కంఠతా వచ్చు. ఈ తీర్పు పేరు మన సభల్లో వినపడదు.

కోర్టు ఆ మాట చెప్పేనాటికి వారం ముందే పార్లమెంటు దారి మార్చేసింది. ఇందాక పక్కన పెట్టుకోమన్నది ఇదే. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో మినహాయింపు ఇచ్చే అధికారం గురించి రాసిన చోట పబ్లిక్ ఎమర్జెన్సీ పక్కనే ‘విపత్తు’, ‘మహమ్మారి’ అన్న మాటలు చేర్చారు. గడువు ఏడాది దాకా. అంటే యుద్ధానికీ మహమ్మారికీ తేడా ఉందని న్యాయమూర్తులు వివరిస్తున్న సమయానికి ఆ తేడా కొత్త చట్టంలో చెరిగిపోయి ఉంది. ఆ కోడ్ 2025 నవంబర్ 21న మిగతా కోడ్‌లతో పాటు అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కరెంటు ఉన్నచోట పది మంది చాలేది, ఇప్పుడు ఇరవై మంది కావాలి. కరెంటు లేనిచోట ఇరవై నలభై అయింది. సాంచాల షెడ్డును ముక్కలు చేసే పని మరింత సులువైందన్నమాట.

ఇక గుజరాత్ సంగతి. 2025 జూలై 1న ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టానికి సవరణగా ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. సెప్టెంబర్‌లో శాసనసభ దాన్ని బిల్లుగా ఆమోదించింది. రోజుకు పన్నెండు గంటల దాకా పని చేయించుకోవచ్చు. వారానికి 48 గంటల పరిమితి ఉంటుంది. ఓవర్‌టైమ్ మూడు నెలలకు 75 గంటల నుంచి 125 గంటలకు పెరిగింది. కారణం ఈసారి మహమ్మారి కాదు, పెట్టుబడులు, ఉపాధి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. 2025 చట్టం 2020 నోటిఫికేషన్ అంత మొరటుగా లేదు. రెట్టింపు ఓవర్‌టైమ్ అలాగే ఉంది, వారపు పరిమితి ఉంది, కార్మికుడి రాతపూర్వక సమ్మతి కావాలని ఉంది. ఐదేళ్ల కింద కాగితం మీద దొంగిలించినట్టు ఇప్పుడు దొంగిలించలేదు. ‘నాలుగు రోజులు పని చేసి మూడు రోజులు సెలవు తీసుకుంటారు కదా, మంచిదే కదా’ అని యూనివర్సిటీలో ఒక మిత్రుడు నాతో వాదించాడు. నెల జీతం, సొంత ఇల్లు, దగ్గర్లో కుటుంబం ఉన్న ఉద్యోగికి అది మంచిదే కావచ్చు. మీటరు లెక్కన బతికేవాడికి నాలుగు రోజుల వారం అంటే మిగిలిన మూడు రోజులు ఇంకో సేటు దగ్గర సాంచా ఎక్కడం. ఆ పనిని ఏ రిజిస్టరూ కలిపి లెక్క కట్టదు.

అసలు గట్టిగా పట్టుకోవలసింది ‘సమ్మతి’ అన్న మాటను. ఇక్కడే బాబాసాహెబ్ దగ్గరకు పోవాలి.

ఎనిమిది గంటల పని అంబేడ్కర్ ఇచ్చారని మనం పోస్టర్లు వేస్తాం. వేయాలి కూడా. కానీ పోస్టర్ దగ్గరే ఆగిపోతున్నాం. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఆయన 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూశారు. 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టంతో ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పరిమితి 48కి, రోజుకు పది గంటలు తొమ్మిదికి దిగాయి. గుజరాత్ శాసనసభ 2025లో కదిపింది ఆ రోజువారీ పరిమితినే. అంతకుముందు 1938లో బొంబాయి శాసనసభలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ నాయకుడిగా ఆయన పారిశ్రామిక వివాదాల బిల్లును అడ్డుకోవడానికి నిలబడ్డారు. సమ్మెను నేరం చేస్తే కార్మికుడిని ఇష్టం లేకున్నా పని చేయమని కట్టేసినట్టే, అది బానిసత్వమే అన్నది ఆయన వాదన. నవంబర్ 7న కార్మికులు సమ్మె చేశారు. అయినా కాంగ్రెస్ ప్రభుత్వం బిల్లును చట్టం చేసింది. సూరత్ మిత్రులకు ఒక సంగతి గుర్తు చేస్తాను: అప్పుడు సూరత్ బొంబాయి రాష్ట్రంలోనే ఉంది. 1960 మే 1 దాకా ఉంది. కాబట్టి ఆయన మాట్లాడిన సభ ఈ ఊరికి కూడా సభే.

సమ్మతి గురించి ఆయన వాదన 1947 నాటి ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఉంది. పని లేనివాడి ముందు ఏదో ఒక ఉద్యోగం పెట్టి, గంటల పరిమితి ఉండదు, సంఘంలో చేరకూడదు అంటే అతను ఏం ఎంచుకుంటాడో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదని ఆయన వాదించారు. ఆకలి భయం, ఇల్లు పోతుందన్న భయం, పిల్లలను బడి మాన్పించాలన్న భయం ఉన్న మనిషి హక్కులను తనంత తానే వదులుకుంటాడు. అందుకే ఆ ఎంపికను అతని ముందు పెట్టే అధికారమే యజమానికి ఉండకూడదు, గీతను చట్టమే గీయాలి. పని గంటల పరిమితికి ఉన్న అర్థం ఇదే. కార్మికుడు ఒప్పుకున్నా దాటడానికి వీల్లేని గీత అది. దాన్ని సమ్మతి పత్రంగా మార్చాక అందులో మిగిలేది ఒక సంతకం, చాలాచోట్ల వేలిముద్ర.

ఆ పత్రం ఏ భాషలో ఉంటుందని కూడా అడగాలి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో బడులు నడుపుతుంది. ఈ ఊళ్లో ఎన్ని భాషల కార్మికులున్నారో బడుల శాఖకు తెలుసు. సమ్మతి ఏ భాషలో తీసుకుంటారో ఫ్యాక్టరీల శాఖ చెప్పాలి.

సాంచాల మీద పనిచేసేవాళ్లలో గంజాం వాళ్లకు ఓటు ఒడిశాలో ఉంటుంది. ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి పాండేసరా డైయింగ్ మిల్లులకు వచ్చినవాళ్ల ఓటు అక్కడే. తెలుగువాళ్లలో రెండు మూడు తరాలుగా ఇక్కడున్నవారికి ఓటుంది, కొత్తగా వచ్చినవారికి లేదు. ఒక్కో భాషకు ఒక్కో మెస్, ఒక్కో కులసంఘం, ఒక్కో పండుగ చందా. గాంధీనగర్ సభలో వీళ్ల రోజు పొడుగు నిర్ణయమవుతుంది, కానీ ఆ సభకు వీళ్లలో చాలామంది ఎవరినీ పంపలేదు. వలస కార్మికుడి ఓటు హక్కు గురించి మనం ఎన్నికలప్పుడు మాట్లాడతాం. పని గంటల బిల్లు వచ్చినప్పుడే అది ఎక్కువ గుర్తుకు రావాలి.

మన రెండు రాష్ట్రాల గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. 2025లోనే ఆంధ్రప్రదేశ్ రోజుకు తొమ్మిది గంటల పరిమితిని పదికి పెంచింది. తెలంగాణ అదే జూలైలో వాణిజ్య సంస్థలకు పది గంటలు అనుమతించింది. అధికారంలో వేర్వేరు పార్టీలున్నా మూడు రాష్ట్రాలూ ఒకే దిక్కుకు నడిచాయి. కాబట్టి దీన్ని గుజరాత్ రోగం అని చెప్పుకుని ఇంటికెళ్లి నిద్రపోలేం.

చివరగా ఒక పని గురించి. గుజరాత్ శాసనసభలో 2020 సెప్టెంబర్‌లో, 2025 సెప్టెంబర్‌లో ఎవరు ఏం మాట్లాడారో చాలావరకు గుజరాతీలో ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని కార్మిక చట్టాల మీద రాసేవాళ్లం ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన నాలుగు పేరాల మీద ఆధారపడి రాస్తున్నాం. ఈ గదిలో సగం మందికి గుజరాతీ చదవడం, రాయడం వచ్చు. ఇంట్లో తెలుగు, బయట గుజరాతీ. ఆ రెండు చర్చలను తెలుగులోకి తెచ్చే పనిని ముగ్గురు నలుగురు కలిసి ఈ వేసవిలో మొదలుపెట్టవచ్చు. 1938 బొంబాయి సభ చర్చ బాబాసాహెబ్ రచనల సంపుటాల్లో ఇంగ్లీషులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తరువాతి సెమినార్‌లో మాట్లాడటానికి చాలా ఉంటుంది. ఆసక్తి ఉన్నవాళ్లు టీ విరామంలో నన్ను కలవండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. జై భీమ్.